వంకర హ్యాండిల్, నీలం టబ్బు

మా మామ పోయి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఎనిమిదో తరగతి వాళ్ల నోట్సులు దిద్దుతుంటే మా ఆయన దవాఖాన నుంచి ఫోన్ చేశాడు. అంతకుముందు రెండు రోజులుగా ఆయన చేసిన ప్రతి ఫోనూ "జర నయమే ఉన్నడు" అనే మాటతోనే మొదలైంది. ఆ రోజు మాత్రం ముందు నా పేరు పిలిచాడు. పదకొండేళ్ల కాపురంలో మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది చాలా తక్కువ. నాకు అప్పుడే అర్థమైంది. "బాపు పోయిండే," అన్నాడు. ఎర్ర పెన్నుకు మూత పెట్టి లేచాను.

మామ గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. రాయకపోతే నాకే మనసున పట్టేలా లేదు. ముందే చెప్తున్నాను, నేను కోపిష్టిదాన్ని. మా మామతో మంచిగా ఉన్న రోజులు ఎన్నో, మొహం మాడ్చుకుని తిరిగిన రోజులూ అన్నే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు జనం అలాంటివి దాచేస్తారు. నాకు దాచడం చేతకాదు.

మీలో చాలామంది శంషాబాద్ వచ్చి విమానం ఎక్కే ఉంటారు. ఆ విమానం నేల మీద పరుగెత్తే చోట ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేది. అందులో మా మామ ఇరవై ఏళ్లు ట్రాక్టర్ నడిపాడు. మీరు రోడ్డు మీద చూసే పెద్ద ట్రాక్టర్ కాదు. పందిరి కింద దూరి, సాళ్ల మధ్య మళ్లేందుకు చేసిన పొట్టి బండి, నా నడుం దాకా వస్తుంది. మా దిక్కు దాన్ని బుడ్డ ట్రాక్టర్ అంటారు. భూములు పోయినప్పుడు తోటా పోయింది. తోట ఆసామి సిటీకి వెళ్లిపోతూ, అప్పటికే మొరాయించి మూల పడ్డ ఆ బండిని "నువ్వే తీస్కపో" అని మామకు వదిలేశాడు. దానికి ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారట.

ఎయిర్‌పోర్టులో విమానాలు దిగడం మొదలైన ఏడాది ఊళ్లో అందరూ ప్లాట్ల గురించి మాట్లాడుకుంటుంటే, మా మామ పాత బుడ్డ ట్రాక్టర్లు వెతకడం మొదలుపెట్టాడు. బడంగ్‌పేటలో కొత్త కాలనీకి పునాదులు తీస్తున్న చోట సగం మట్టిలో కూరుకుపోయి ఒకటి దొరికింది. తుక్కుగూడలో ఒకరి కొట్టం వెనక ఇంకొకటి. దాని సీటు కింద కోడి గుడ్లు పొదుగుతోందట. పిల్లలు బయటికొచ్చేదాకా ఆగి, అప్పుడు తెచ్చాడు. ఆరేళ్లలో మా రేకుల షెడ్డులో మొత్తం ఏడు బండ్లు చేరాయి. తన తోట బండి తప్ప అన్నింటినీ విప్పి, కడిగి, అరిగినవి మార్చి, మళ్లీ నడిచేలా చేశాడు. ఒక్కటీ అమ్మలేదు. "ఇవన్నీ ఏం జేస్తవే?" అని ఎవరైనా అడిగితే, "ఏం జేసుడేంది? ఉంటయి," అనేవాడు.

ఉంటాయి సరే, ఇంట్లో నేనూ ఉండాలి కదా! ఆరేసిన చీరలకు డీజిల్ వాసన. కందిపప్పు డబ్బా మూత తీస్తే నట్లు. ఇస్త్రీ చీర కట్టుకుని బడికి బయల్దేరితే వాకిట్లో జిడ్డు. "మామా, ఇది ఇల్లా, మెకానిక్ షెడ్డా?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను. "రెండు," అన్నాడు నవ్వి. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది. తుప్పు పట్టి కదలని బోల్టుకు నూనె పోసి, పొద్దంతా దాని ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. "ఇనుము చావది బిడ్డా, అలుగుతది. గంతే. జర సేపు కూసుంటే అదే ఇంటది," అనేవాడు. ఆ మాట బోల్టుకే చెప్తున్నాడా, నాకూ చెప్తున్నాడా అని నాకెప్పుడూ అనుమానమే.

ఆయనకు చెవులు సరిగా వినిపించేవి కావు. ఇరవై ఏళ్ల ఇంజను చప్పుడు తినేసింది. బండి నడుస్తుంటే అరచేయి బానెట్ మీద ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఇంజను ఎక్కడ తడబడుతోందో ఆ చేతికే తెలిసేది. మా ఇంటి మీద నుంచి విమానం పోతే మేమంతా మాట ఆపేస్తాం. ఆయన మాత్రం ఆగకుండా పని చేసుకునేవాడు.

ఆయనకొక పద్ధతి ఉండేది. బాగుచేసిన బండిని మొదటిసారి తాను స్టార్ట్ చేసేవాడు కాదు. అది ఎవరిదో, ఎవరు పోగొట్టుకున్నారో వాళ్లను వెతికి పిలిపించి, చాయ్ తాగించి, హ్యాండిల్ వాళ్ల చేతికిచ్చేవాడు. ఈ బండ్లకు తాళంచెవి ఉండదు. ముందు వైపు హ్యాండిల్ దూర్చి గిర్రున తిప్పితేనే, మా మాటలో కొడితేనే, ఇంజను అందుకుంటుంది. "పోగొట్టుకున్నోళ్లే ముందు కొట్టాలె. అప్పుడే అది మల్లొచ్చినట్టు," అనేవాడు.

జామతోట సాయబు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. శంషాబాద్ ముసలాయన. తోట చేజారి చాలా కాలమైంది. తెల్లటి కుర్తా వేసుకొచ్చి, మడ్‌గార్డు మీద ఉర్దూలో రాసి ఉన్న తన తండ్రి పేరు చూసి అక్కడే ఆగిపోయాడు. మామ బండికి కొత్త రంగు వేశాడు గానీ ఆ పేరు ఉన్న జానెడు చోటు ముట్టుకోలేదు. సాయబు నాలుగుసార్లు హ్యాండిల్ కొడితే బండి అందుకుంది. "అరె, ఇన్నొద్దులు యాడ వోయినవ్ రా!" అని బండిని పట్టుకుని ఏడ్చాడు. "నా తాన జాగ లేదు భాయ్, నీ తాన్నే ఉండనీ. అప్పుడప్పుడు వచ్చి చూసి పోత," అన్నాడు. అప్పటి నుంచి నెలకొక శుక్రవారం నమాజ్ అయ్యాక బిస్కెట్ల పొట్లంతో వచ్చేవాడు.

మామ అందరి బండ్లూ బాగుచేశాడు, తన ద్రాక్షతోట బండి తప్ప. "మనదేముంది, ఎప్పుడన్నా అయితది," అని దాన్ని చివరికి పెట్టుకున్నాడు. పోయినేడు దాని పని మొదలుపెట్టి, ఇంజను మొత్తం విప్పి బిగించాడు. అప్పుడే నేను ఆ పని చేశాను.

ఒక ఆదివారం ట్రాలీ ఆటోలో మైకు పెట్టుకుని "పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలు" అంటూ ఒకడు మా సందులోకి వచ్చాడు. నాకు ఇల్లు సర్దే పిచ్చి పట్టి ఉంది. చిల్లు పడ్డ బకెట్, విరిగిన గొళ్లెం, షెడ్డు గోడకు ఆనించి ఉన్న వంకర పైపు ఒకటి, అన్నీ ఇచ్చేశాను. వాడు రెండు కిలోల ఉల్లిగడ్డలిచ్చాడు. నేను ఊరుకుంటానా? కొట్లాడి ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు కూడా తీసుకున్నాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు దాన్ని వాకిట్లో బోర్లించి పెట్టాను.

సాయంత్రం మామ వచ్చి గోడ దగ్గర చాలాసేపు వెతికాడు.

"బిడ్డా, గీడ వంకర పైపొకటి ఉండె..."

"ఇనుప సామాన్లోనికి ఇచ్చేసిన మామా. టబ్బొచ్చింది చూడు!"

ఆయన టబ్బు వైపు చూశాడు. "టబ్బు మంచిగున్నది," అని లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు.

రాత్రి అన్నంలోకి ఆ ఉల్లిగడ్డలతోనే పులుసు చేశాను. ఆయన తిని లేచాడు. అప్పుడు మా అత్తమ్మ నెమ్మదిగా చెప్పింది. "అది వాళ్ల తోట బండి హ్యాండిలే. ఇరవై ఏండ్లు ఆయన చెయ్యి పట్టిపట్టి నున్నగైంది." నేను కంచం పక్కకు జరిపేశాను.

తెల్లారి నుంచి మామ మోపెడ్ మీద కొత్తూరు దాకా ఉన్న పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాడు. దొరకలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేనూ నాలుగు మాటలని, ఏడ్చి, తేలికపడేదాన్ని. పైగా ఆ నీలం టబ్బులోనే కిరసనాయిలు పోసి సామాన్లు కడగడం మొదలుపెట్టాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు గుచ్చుకునేది. కావాలనే నా కళ్లముందు పెడుతున్నాడని మనసులో తిట్టుకున్నాను.

కొత్త హ్యాండిల్ చేయించడం చిన్న పని కాదు. దాని కొసన గాడి సరిగా కోయకపోతే, ఇంజను అందుకున్నాక హ్యాండిల్ ఊడిరాదు. దాంతోపాటే తిరిగి మనిషిని కొడుతుంది. కమ్మరి చేసిన రెండు పనికిరాలేదు. మూడోది కొత్తూరులో లేతు మిషన్ మీద కోయించి తెచ్చాడు. ఆ రోజు ఆయన మొహం వెలిగిపోతోంది. నేరుగా వంటింటి గడప దగ్గరికొచ్చి దాన్ని నాకు చూపించాడు.

"బిడ్డా, దీన్ని ముందుగాల నువ్వే కొట్టాలె."

"నేనేంది మామా?"

"పోగొట్టింది నువ్వే గదా. మన కాయిదా గంతే!"

ఎత్తిపొడిచాడనుకున్నాను. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన అదేమీ చూడకుండా తన కుడి చేయి చాపాడు. బొటనవేలు పక్కకు వంగి ఉంటుంది. ఎప్పుడో హ్యాండిల్ ఎదురు తన్ని విరిగిందట. "బొటనేలు గిట్ల చుట్టొద్దు. నాలుగు వేళ్ల పక్కనే పెట్టాలె. అప్పుడు అది తన్నినా చెయ్యి జారి బయటవడ్తది," అని తన చేత్తో పట్టి చూపించాడు. "సరే మామా, పరీక్షలైనంక," అన్నాను.

పరీక్షలయ్యాయి. ఎండలు తగ్గనీ అన్నాను. బడి తెరిచారు, తీరిక లేదన్నాను. సందులో నలుగురూ చూస్తుండగా టీచరమ్మ ట్రాక్టర్ హ్యాండిల్ కొట్టుడేంది అని సిగ్గు. ఆ వంకర వేలు చూశాక భయం కూడా. అన్నింటికంటే, నా తప్పును నలుగురి ముందు పంచాయితీకి పెడుతున్నాడన్న కోపం. ఆయన బలవంతం చేయలేదు. ఆదివారం ఆదివారం ఆ బండి మీది గోనెపట్టా తీసి, నూనె చూసి, ఇంజను బిగుసుకోకుండా చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పి, మళ్లీ కప్పేసేవాడు.

దవాఖానలో రెండో రోజు నేను పక్కన కూర్చుంటే, "సెలవులెప్పుడు బిడ్డా?" అని అడిగాడు. ఎందుకడిగాడో నాకు తెలుసు. "వచ్చే నెల మామా," అని చెప్పి దుప్పటి సర్దాను. ఈ వారం వస్తాను, రేపే కొడతాను అని ఒక్క మాట అని ఉంటే నా సొమ్మేం పోయేది? అనలేదు. నాతో ఆయన మాట్లాడింది అదే ఆఖరు.

పదకొండో రోజు కార్యం ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక జామతోట సాయబు వచ్చాడు. తన బండి దగ్గర కాసేపు నిలబడి, గోనెపట్టా కప్పిన బండి వైపు చూశాడు.

"దీన్ని కొట్టినవా బిడ్డా?"

లేదన్నట్టు తల ఊపాను.

"ఆర్నెల్ల సంది నన్ను సుత ముట్టనియ్యలే. నా కోడలు కొడ్తది, ఆగు భాయ్ అన్నడు."

"హ్యాండిల్ పారేసిన్నని నా మీద కోపం ఆయనకు," అన్నాను.

సాయబు నన్ను వింతగా చూశాడు. "కోపమా? అరె పిచ్చి బిడ్డా! ఆ తోట పోగొట్టుకున్నది ఎవరు? ఆయనే గదా. ఆ బండికి ముందు కొట్టాల్సింది ఆయనే. ఆరేండ్ల సంది గా దినం కోసమే ఉన్నడు. నువ్వు హ్యాండిల్ ఇచ్చేసి పరేషాన్ అయితున్నవని, తన వంతు నీకిచ్చిండు. నా తోని చెప్పిండు. పిల్ల అలిగింది భాయ్, దాని చేత్తోనే స్టార్ట్ అయితే దాని మనసు చల్లవడ్తదని."

నేను షెడ్డు మెట్టు మీద కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మా అత్తమ్మ వచ్చి వీపు మీద చేయి వేసేదాకా అక్కడే ఉన్నాను.

తర్వాత లేచి కొంగు దోపుకున్నాను. మా ఆయన గోనెపట్టా లాగేశాడు. ఇంజను మీద ఒక చిన్న లివర్ ఉంటుంది. హ్యాండిల్ జోరందుకునేదాకా దాన్ని లేపి పట్టుకుని, సరిగ్గా సమయానికి వదలాలి. అది మా ఆయన పట్టుకున్నాడు. నేను హ్యాండిల్ దూర్చి, బొటనవేలు నాలుగు వేళ్ల పక్కన పెట్టుకున్నాను.

మొదటిసారి ఉట్టిగా తిరిగింది. రెండోసారి మా ఆయన తొందరపడి లివర్ వదిలాడు. హ్యాండిల్ ఎదురు తన్నింది. నా చెయ్యి జారి బయటపడింది. వేలు చూసుకున్నాను, ఏమీ కాలేదు. గోడ మీద నుంచి పక్కింటివాళ్లు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

మూడోసారి ఉన్న బలమంతా పెట్టి తిప్పుతుండగానే ఇంటి మీదికి విమానం వచ్చింది. ఆ మోతలో ఇంకేమీ వినిపించలేదు. హ్యాండిల్ మాత్రం దానంతటదే ఊడి నా చేతిలోకి వచ్చింది. మా ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏమంటున్నాడో తెలియలేదు. నేను బానెట్ మీద అరచేయి ఆనించాను. లోపల కొట్టుకుంటోంది. అత్తమ్మ నా మొహం చూసి, దగ్గరికొచ్చి, తన చెయ్యి నా చేతి పక్కన పెట్టింది. విమానం దాటిపోయేదాకా మేమిద్దరం చేతులు తీయలేదు.