మధ్యాహ్నపు దొంగ దానియేలు

మొన్న పొద్దున పోదనూరు స్టేషను వెనక వీధిలో నడుస్తుంటే రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. పాత ఇనుప సామాన్ల కొట్టు పెరట్లో ఎవరో కరెంటు తీగ చుట్టలను మంటలో వేసి, పైతొడుగు కాల్చి, లోపలి రాగిని బయటికి తీస్తున్నారు. పొగ గొంతులోకి దిగి దగ్గు వచ్చింది. అయినా అక్కడినుంచి కదలలేకపోయాను. దానియేలు చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఇదే వాసన వేసేది.

దానియేలు ఎవరో మీకు తెలియదు. నా గొప్ప మాత్రం ముందే చెప్పుకోనివ్వండి. దొంగల్ని పట్టే యంత్రాలు చేసే కంపెనీలో, పద్దెనిమిదేళ్లు దొంగతనం చేసిన మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవాలన్న ఆలోచన ఈ దేశంలో మొదట వచ్చింది నాకే. అతను గడపలో అడుగు పెట్టగానే కళ్లలోకి చూసి, “మనకు కావలసినవాడు ఇతనే” అన్నాను. పరిశ్రమల వాళ్ల సభల్లో ఈ మాట మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ చప్పట్లు పడ్డాయి. చప్పట్లు పడిన మాటల్ని కొంచెం తట్టి చూడాలని ఈ వయసులో అనిపిస్తోంది.

మాకు కినత్తుకడవు దగ్గర కొబ్బరి తోట, సూలూరు దారిలో మోటారు విడిభాగాలు చేసే ఒక షెడ్డు ఉండేవి. మా వైపు తోటల్లో బోరు మోటారుకు వెళ్లే రాగి తీగను కోసుకుపోయే దొంగలు ఎక్కువ. తీగ పోతే నీళ్లు లేవు. ఎండల్లో వారం నీళ్లు లేకపోతే చెట్టు పిందె రాల్చేస్తుంది. మా తోటలో మూడుసార్లు పోయింది. మూడోసారి పోయాక, ఎలక్ట్రానిక్స్ చదివిన మా అమ్మాయి సుధ పంతం పట్టి ఒక పెట్టె చేసింది. తీగను ఎవరైనా తెంపితే ఆ పెట్టె రైతు ఫోనుకు కబురు పంపుతుంది. షెడ్డులో సగం ఆమెకిచ్చాను. ఇలాంటిదాన్ని స్టార్టప్ అంటారని అప్పుడే విన్నాను. అంతవరకు నాకు తెలిసింది మోటారుకు బిగించే స్టార్టరు ఒక్కటే.

మొదట కొన్న రైతుల తోటల్లో పెట్టెలు ఉండగానే తీగలు పోవడం మొదలైంది. ఎందుకో మాకు అంతుపట్టలేదు. అప్పుడు వచ్చాడు దానియేలు. భోజనాల వేళ. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, చేతిలో పసుపు గుడ్డసంచి. సంచిలోంచి మా పెట్టెనే తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది మీదేనా సార్? నేను పనిచేసే పాత ఇనుం కొట్టుకు వచ్చినాది. అరవనే లేదంట.”

“ఎవరు అమ్మినారు?” అని గద్దించాను.

“అది చెప్పనుంగ. ఎట్ల తీసినారో చెప్తాను. మీకు అదే కద కావాల.”

మా ఊళ్లలో తెలుగు మాట తోకకు తమిళ మర్యాద అలా ‘ంగ’ అని అతుక్కుని వస్తుంది. అతనిదీ తెలుగు ఇల్లే. తండ్రి రైల్వేలో పట్టాలు సరిచేసే కూలి, పోదనూరు కాలనీలో పుట్టి పెరిగాడు.

“ఎట్ల తీసినారో నీకెట్ల తెలుసు?”

“పద్దెనిమిది ఏండ్లు నేనూ అదే పని చేసినాను కద. నాలుగేండ్లుగా లేదు. చర్చిలో ఫాదర్ ముందర మాటిచ్చినా.”

నేను ఫోను తీశాను. ఇదీ నిజం. అతని కళ్లలోకి చూడలేదు, పోలీసు స్టేషను నంబరు కోసం చూశాను. సుధ వచ్చి, “నైనా, ఫోను పెట్టండి” అని నా చేతిలోంచి లాక్కుని, ఒక కుర్చీ తెచ్చి అతనికి వేసింది. అతను ఆ కుర్చీ వైపు కాసేపు చూసి కూర్చున్నాడు.

“పాపా, ఈ పెట్టె ఎప్పుడు మేలుకుంటాది?”

“సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా. పగలు తోటలో మనుషులుంటారు కద. రైతే మోటారు బాగుచేసుకుంటే ఊరికే ఫోను మోగుతాదని పగలు నిద్రపుచ్చినాము.”

“అదే తప్పు. నేను రాత్రి పోనే లేదు. రాత్రి దొంగను చూసి కుక్క అరుస్తాది. మధ్యాహ్నం దొంగకు మోర్ పోస్తారు.”

మోర్ అంటే మజ్జిగ. ఆ మాట అని అతను నా వైపు తిరిగాడు.

“సార్‌ది కినత్తుకడవు దగ్గర తోట కద? నీలం తలుపు పంపుసెట్టు. మీ చేత్తోనే పోసినారు. అల్లం నలిపి వేసిన మోర్. ‘కరెంటు ఎప్పుడొస్తాదప్పా’ అంటిరి. ‘నాలుగు గంటలకు వస్తాది సార్’ అంటిని.” కాస్త ఆగి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. “వచ్చిందా?”

సుధ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. అతను చెప్పకుండా వదిలేసింది ఒకటుంది, అది నాకు గుర్తుకొచ్చింది. మరమ్మతుకని తీసుకెళ్తున్నాడనుకుని, ఆ తీగ చుట్టను అతని భుజానికి ఎత్తింది కూడా నేనే.

ఆ వారమే సుధ అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. నేను వద్దన్నాను. సభల్లో ఆ సంగతి చెప్పలేదు.

అతని పని ప్రతి కొత్త పెట్టెనూ మోసం చేయడం. సుధ ఏ కొత్త తెలివి పెట్టినా అతను ఒక పూట దాని ముందు గొంతుక్కూర్చుని, సాయంత్రానికి తెరిచి చేతిలో పెట్టేవాడు. ఆమె తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టేది. ఒకరోజు నేను విసుగెత్తి, “ఎంత చేసినా నువ్వు తీసేస్తావు. ఇంక దీనికి అంతం ఏది?” అన్నాను.

“పెట్టెలో లేదు సార్ తప్పు. దొంగకు చీకటి అక్కర్లేదు, మీ మర్యాద ఉంటే చాలు. ఖాకీ చొక్కా చూస్తే మీరు పేరు అడగరు. అడిగితే ఆ మనిషి ఏమనుకుంటాడో అని మీకు వెక్కం.”

వెక్కం అంటే సిగ్గు. “మరేం చేయమంటావు?” అన్నాను.

“మీరు అడగలేరు. పెట్టెను అడగమనండి.”

మా కంపెనీ మొత్తం ఆ ఒక్క మాట మీద లేచింది. పగలైనా సరే, మోటారు దగ్గర చేయి పడితే రైతుకు ఫోను వెళ్తుంది. “మీ మోటారు దగ్గర ఒకరున్నారు. మీరు రమ్మన్నవారేనా?” అని అడుగుతుంది. కాదని ఒక మీట నొక్కితే పక్క తోటలవాళ్ల ఫోన్లన్నీ మోగుతాయి. అంతే. అరిచే పెట్టెలు చాలామంది చేశారు. అడిగే పెట్టె మాది.

దాన్ని పరీక్షించడానికి మా తోటకే వెళ్లాం. ఎండ మండిపోతోంది. నేను లోటాలో మజ్జిగ తెచ్చి ఇచ్చాను. అతను పుచ్చుకోలేదు.

“తాగు దానియేలూ, ఎండ.”

“అప్పుడు మీరు పోసినది కరెంటు ఆఫీసువానికి సార్. నేను వానిది దొంగిలించి తాగినట్లే. తీగకంటె అదే నాకు ఎక్కువ ఉరుత్తుతా ఉన్నాది.” ఉరుత్తుతా ఉన్నాది అంటే గుచ్చుతోందని. “ఇది ఎవరికి?”

“నీకే. దానియేలుకు.”

అప్పుడు తీసుకున్నాడు. ఒక్క గుక్కలో తాగలేదు, చప్పరిస్తూ తాగాడు. లోటా కడిగి బోర్లించి, మళ్లీ మోటారు దగ్గరికి వెళ్లాడు. ఒక మనిషిని పేరు పెట్టి పిలిచి దాహం తీర్చడం అంటే ఏమిటో అరవై దాటాక ఆ రోజు నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఎన్నాళ్లు నిలిచిందో చెప్తాను.

పెట్టెలు కావాలని రైతులు అడుగుతున్నారు, చేయడానికి మా దగ్గర డబ్బు లేదు. సుధ తన నగలు కూడా ఆ షెడ్డులోనే పోసింది. ఇక రెండు నెలలు దాటితే మూసేయవలసిందే. అప్పుడు చెన్నై నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు ఇద్దరు వచ్చారు. భద్రతకు సంబంధించిన కొత్త కంపెనీలను వెతికి డబ్బు పెట్టడమే వాళ్ల వృత్తి. దానియేలు తోటలో అన్నీ చూపించాడు. దొంగ ఎటునుంచి వస్తాడు, ఏం మాట్లాడతాడు, ఇంటివాళ్లు ఏం జవాబిస్తారు అని నటించి మరీ చూపించాడు. వచ్చినవాళ్లలో ఒకావిడ అంతా చూసి, “ఇంత లోతుగా మీకెలా తెలుసు సార్?” అని తమిళంలో అడిగింది.

దానియేలు నోరు తెరిచాడు. అతను నిజమే చెప్పబోతున్నాడని నాకు తెలుసు. అతనికి వేరే మాట రాదు.

“సూలూరు విమానదళం స్టేషనులో ముప్పై ఏళ్లు భద్రతా విభాగంలో పనిచేశారు” అన్నాను నేను.

దానియేలు నోరు మూసుకున్నాడు. ఆ ఇద్దరూ లేచి అతనికి చేయి కలిపారు. కారు వెళ్లిపోయాక అతను కొళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

“ఎందుకు సార్ అట్ల చెప్తిరి?”

“నీ మర్యాద కోసమే దానియేలూ.”

“నా మర్యాద సుధమ్మ కుర్చీ వేసిన దినమే వచ్చినాది. ఇది మీ మర్యాద.”

అంతకుముందు ఖాకీ చొక్కా అతనే తొడుక్కున్నాడు. ఈసారి తొడిగింది నేను.

పెట్టుబడి ఖాయమైంది. తరువాత కాగితాలు వచ్చాయి. కంపెనీలో ముఖ్యమైనవాళ్ల పేర్లు, ఇంతకుముందు చేసిన ఉద్యోగాలు, వాటికి రుజువులు రాసి పంపమన్నారు. విమానదళం కాగితం ఎక్కడినుంచి తేవాలి? అబద్ధమని చెబితే వాళ్లు వెనక్కి పోతారు, సుధ మునుగుతుంది. చెప్పకపోతే పట్టుబడతాం. నేను రెండూ తప్పించుకునే దారి వెతికాను. జాబితాలో అతని పేరు లేకపోతే ఏ రుజువూ అక్కర్లేదు.

ఈ భాగాన్ని సభల్లో ఇలా చెప్పేవాణ్ణి: “నా వల్ల మీకు చెడ్డపేరు వద్దు సార్ అని దానియేలే కన్నీళ్లతో సెలవు తీసుకున్నాడు.” అందరూ అతన్ని మెచ్చుకునేవారు, ఆ మెప్పులో నాకూ వాటా దొరికేది. ఇక దాచను. అతను పోలేదు. నేనే పోదనూరు వెళ్లి, కాగితాల పని ముగిసేదాకా రావద్దని చెప్పాను. ముగిశాక పిలుస్తామన్నాను. అతను ‘సరింగ’ అన్నాడు. కాగితాలు ముగిశాయి. షెడ్డు పోయి మూడంతస్తుల కట్టడం వచ్చింది. మొదట్లో పిలవడానికి భయపడ్డాను, తరువాత సిగ్గుపడ్డాను, ఆ తరువాత మరిచిపోయాను. మరిచిపోయాననుకోవడం మాత్రం పూర్తిగా నిజం కాదు.

అతను పాత ఇనుం కొట్టుకే తిరిగి వెళ్లి తీగలు కాల్చాడు. ఆ పొగ ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు అన్నారట. అతను చనిపోయాడని, సమాధి అయిన తొమ్మిది రోజులకు మాకు తెలిసింది. నేను, సుధ వెళ్లాం. అతని భార్య రోజమ్మ కుర్చీలు వేసి కాఫీ ఇచ్చింది. ఏడవలేదు, నిందించలేదు. కాసేపయ్యాక నన్ను అడిగింది.

“కాగితాలు ముగిసినాయా సార్? ముగిసినాక పిలుస్తారని చెప్తా ఉండె. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకొని ఉండె.”

సుధ తల వంచుకుంది.

ఈ రోజు ఎన్నో తోటల్లో ఆ పెట్టె అడుగుతూనే ఉంది. దాన్ని కనిపెట్టినందుకు సుధ ఫోటో పత్రికల్లో వచ్చింది, పక్కన నాది కూడా వచ్చింది. నాకు మిగిలింది ఒక అలవాటు. మీటరు చూసేవాడైనా, కాయలు దించేవాడైనా తోటకు వస్తే పేరు అడిగి, ఆ పేరుతో పిలిచి గానీ లోటా చేతికివ్వను. వాళ్లు నవ్వుకుంటారు, ముసలాయనకు చాదస్తమని. ఇవ్వబోయే ప్రతిసారీ “ఇది ఎవరికి?” అని ఎవరో అడిగినట్టు చేయి ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగడమే నేను మోస్తున్నది. ఎంత చెప్పుకున్నా, ఎంత ఒప్పుకున్నా అది తేలిక కాలేదు.

సుధకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. నాకే యాభై దాటాక వచ్చిన అక్షరాలివి. అందుకని ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. బాగా రాశారు నైనా అంటుందనుకున్నాను.

“ఒకటి తప్పు” అంది.

“ఏది?”

“పోదనూరు పోయి మీరు చెప్తిరా? మీరు చెప్పలేదు నైనా. నన్ను పంపితిరి. మీరు రోడ్డు మీద కారులోనించి దిగనే లేదు. ‘ముగిసినాక పిలుస్తాము’ అని ఆయన మొగం చూసి చెప్పినది నేను. అది రాయండి.”