శాంతమ్మ పెద్దమ్మ కొలిచిన నొప్పి

ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని ఒక మాట చెబితే జనం నమ్ముతారు. నేను వేసుకుంటే నమ్మరు. ఆ గుండె నాది కాదని, ఇంకెవరిదో తెచ్చి పెట్టారని గద్వాలలో సగం మందికి తెలుసు. అయినా మొన్న మా వీధిలో మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతుంటే, ఆ పులిసిన వాసన తగలగానే నా చెయ్యి దానంతట అదే రొమ్ము ఎముక మీదికి పోయింది. వాసనతోపాటు శాంతమ్మ పెద్దమ్మ కూడా వచ్చేసింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మీరు చూసి ఉండరు. బక్కపల్చని మనిషి, నడుము కాస్త ముందుకు వంగి ఉండేది, మాట మాత్రం నిటారుగా ఉండేది. నా జోకులకు నవ్వని మనిషి మా వాడలో ఆమె ఒక్కతే.

నేను ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టి ఆటో పట్టినవాణ్ణి. ముప్పై రెండేళ్ళకు గుండె ఉబ్బిపోయి, పది అడుగులు వేస్తే ఊపిరి అందని స్థితికి వచ్చాను. రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలి రోజుల్లో, హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానలో, ప్రమాదంలో పోయిన ఎవరో మనిషి గుండెను నాకు పెట్టారు. ఊపిరి తిరిగి వచ్చింది. దాని వెనకాలే నొప్పీ వచ్చింది, అది మాత్రం పోలేదు. కొత్త గుండెకు నొప్పి తెలియదట, నరాలు తెగిపోయి ఉంటాయని డాక్టరు చెప్పాడు. నొప్పంతా దాని చుట్టూ ఉన్న నాకే. కోసి తీగలతో బిగించిన రొమ్ము ఎముక ఒకటి, మందులకు గుల్లబారిన వెన్నెముక ఒకటి. ఆటో ఒక్క గతుకులో పడితే ఛాతీ మళ్ళీ తెరుచుకున్నట్టు ఉండేది. ఆటో మానేశాను. నేను అబ్బా అంటే చాలు, నా భార్య రేష్మా కొత్త గుండె ఆగిపోతోందని ఏడుపు మొదలుపెట్టేది. అందుకని నొప్పి లేచినప్పుడల్లా ఒక జోకు వేయడం అలవాటు చేసుకున్నాను. ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి.

శాంతమ్మ పెద్దమ్మ మా పక్కింట్లో చీరలు నేసేది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు మాత్రం పట్టు. అంచు దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె వేయడానికి మగ్గం దగ్గర రెండో మనిషి కూర్చోవాలి. ఆమె కూతురు పెళ్ళయి వనపర్తికి వెళ్ళాక ఆ చోటు ఖాళీగా ఉంది. ఒకరోజు గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం ఖాజా, పొద్దుందాక మంచంల పండి కథలు చెప్తున్నవంట. వచ్చి అంచు నాడె వెయ్యి."

"పెద్దమ్మా, నాకు చీర కట్టుడే రాదు. నేసుడేం వస్తది?"

"నిన్ను కట్టుమని ఎవరన్నరు? వచ్చి కూసో."

వెళ్ళి కూర్చున్నాను. నాడె చేతికి ఇచ్చే ముందు నొప్పి ఎంత ఉందని అడిగింది. "ఏం లేదు పెద్దమ్మా, గుండె ఇచ్చినాయన జర నన్ను యాది చేస్తుండు" అన్నాను. ఆమె నాడె ఇవ్వలేదు.

"నేనడిగింది ఎంత అని. వేలెడా, జానెడా, మూరెడా?"

నొప్పి గురించి అలా ఎవరూ అడగలేదు నన్ను. తడబడి, జానెడు అన్నాను. ఆ రోజుకు అదే మా లెక్క. వేలెడు అయితే పూర్తి పని, జానెడు అయితే సగం, మూరెడు అయితే కూర్చుని నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టడం మాత్రమే. జానెడు బట్ట నేసినప్పుడల్లా లేచి గడప దాకా నడిచి రావాలి. నలభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్న నడుము ఆమెది. "మరి నీకెంత పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "నాది చీర పొడుగుంటది. అందుకే జానెడు జానెడు చేసి నేస్త" అంది. అది జోకో కాదో ముఖం చూస్తే తెలియలేదు.

నెల గడిచేసరికి నాకు సిగ్గు పట్టుకుంది. నా వల్ల ఆమె చీర ఆలస్యమవుతోంది. రోజూ జానెడు, మూరెడు అని చెప్పుకోవడం మగతనానికి తక్కువ అనిపించింది. మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొన్నాను. అవి ముట్టవద్దని డాక్టరు ముందే హెచ్చరించాడు. అయినా పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మింగి, ఆమె అడిగితే దర్జాగా వేలెడు అని చెప్పేవాణ్ణి. చెయ్యి ఆటో నడిపిన రోజుల్లోలాగా ఆడింది.

నాలుగో రోజు సాయంత్రం ఆమె నేసిన బట్టను వెనక్కి విప్పి, నా వైపు అంచు మీద వేలితో రాస్తూ పోయింది.

"ఇది నువ్వే నేసినవా?"

"నేనే. బాగ లేదా?"

"బాగున్నది. అదే పరేషాన్. నెల దినాల సంది జానెడుకొక్క తాన నీ అంచు వదులైతుండె. అక్కడ నీకు నొప్పి లేసిందని నా వేలుకు తెలుస్తుండె. నాలుగు దినాల సంది ఒక్క తాన వదుల్లేదు. ఏం మింగుతున్నవు?"

ఏదో జోకు వేయబోయాను. ఆమె చెయ్యి చాపింది. అంగీ జేబులోని మాత్రలు తీసి ఆ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఏం రాసున్నదో నాకు తెల్వదు. నీ డాక్టరుకు తెలుస్తది. రేపు పోదాం" అంది. సగం నేసిన చీర మీద దుప్పటి కప్పింది. తెల్లారి ఇద్దరం హైదరాబాదు బస్సెక్కాం.

డాక్టరు ఎలా ఉన్నావని అడిగాడు. ఫస్ట్ క్లాస్ అనబోతుండగా ఆమె ఆ మాత్రలు బల్ల మీద పెట్టింది. డాక్టరు ముఖం మారిపోయింది. రక్తపరీక్షలు చేయించాడు. కిడ్నీలు అప్పటికే దెబ్బతినడం మొదలైందని, ఇంకొన్నాళ్ళు ఇలాగే మింగి ఉంటే అవి పోయేవని, వాటితోపాటు ఈ గుండె కూడా పోయేదని చెప్పాడు. తర్వాత నొప్పి ఎంత ఉంటుందని అడిగాడు. "పొద్దుగాల జానెడు సార్, పగటికి మూరెడు" అన్నాను. అతను నవ్వలేదు, రాసుకున్నాడు. మందులు మార్చాడు. నొప్పి తగ్గుతుంది గాని పూర్తిగా పోదని మాత్రం దాచకుండా చెప్పాడు. తిరుగు బస్సులో గద్వాల వచ్చేదాకా నా నోటి నుంచి ఒక్క జోకు రాలేదు.

ఆమె దగ్గర ఇంకా చాలా ఏళ్ళు నేశాను. ఇప్పుడు ఆమె కూర్చున్న చోట నేను కూర్చుంటాను, అంచు నాడె రేష్మా వేస్తుంది. పొద్దున్నే ఎంత అని అడుగుతుంది, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మూరెడు అని విన్నా రేష్మా ఇప్పుడు ఏడవదు, కండెల బుట్ట నా వైపు జరుపుతుంది. నిజం చెబితే ఇంట్లోవాళ్ళు భయపడతారనుకున్నాను. వాళ్ళు భయపడింది నేను ఏం దాస్తున్నానో తెలియకనే.

అప్పుడు హైదరాబాదు నుంచి వచ్చిన మర్నాడు నేనూ పెద్దమ్మా మళ్ళీ మగ్గం దగ్గర కూర్చున్నాం. ఆ పాత మాత్ర లేదు, కొత్త మందు ఇంకా పట్టలేదు. దారం దగ్గరికి కొట్టిన ప్రతిసారీ ఎముక పలికింది. గడప దాకా నడవడం, రావడం, కూర్చోవడం. నా వైపు అంచు మళ్ళీ అక్కడక్కడా వదులైంది, ఆమె వేలితో తడిమి తన నేత సాగించింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాకు ధైర్యం సన్నగిల్లింది.

"పెద్దమ్మా, ఇది పోయేది కాదంట. బతికినన్ని దినాలు గింత నొప్పి పెట్టుకోని పని చేసుడు నాతోని అయితదా?"

ఆమె తల ఎత్తలేదు.

"పొద్దుగాల సంది ఏం చేస్తున్నవు మరి? ఆ కండె ఇటియ్యి."