పలక మీద నేను తుడిచేసిన వాక్యం

ఇన్నేళ్లుగా ఒక్క వాక్యం నా గొంతులో అడ్డంపడి ఉంది. నేనే రాసి, నా చేత్తోనే తుడిచేసిన వాక్యం. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరుగరు, అదే నాకు ధైర్యం.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మార్కాపురంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. ఏ గొర్రెల మందకు ఎప్పుడు టీకా వేయాలో పశువుల డాక్టర్లకు చూపించే ప్రోగ్రాం రాసేవాళ్లం. నలుగురం. ముగ్గురు ఇంజనీరింగ్ చదివిన పిల్లలు. నాలుగోవాణ్ణి నేను, అరవై దగ్గరపడినవాణ్ణి. నా చదువు ఏడో తరగతితో ఆగింది. నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక డీటీపీ సెంటర్లో టైపు కొడుతూ, పాత పుస్తకాల అంచుల్లో ఇంగ్లీషు మాటలకు అర్థాలు రాసుకుంటూ ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. ఒక్కడూ చెప్పిన పాపాన పోలేదు. అడిగితే నవ్వారు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. కోపం న్యాయమైనదే, కానీ ఆ కోపంతో చేసిన పని కూడా న్యాయమైపోతుందా?

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. గోడకు పెద్ద పలక. ఎవరికి ఏ కొత్త సంగతి తెలిసినా సుద్దముక్కతో అక్కడ రాయాలి. మిగతావాళ్లు పొద్దున రాగానే అది చదివి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.

ఒక సాయంత్రం నాకో లోపం దొరికింది. వేసవిలో మందలు మేత కోసం ఊళ్లు మారతాయి. మందను కొత్త ఊరికి మార్చేముందు పాత ఊరి కింద దాని పద్దు మూసేయకపోతే, దాని టీకా గడువు ఏ జాబితాలోనూ కనబడదు. మరునాడు అందరికంటే ముందు వచ్చి పలక మీద రాశాను. రాసి చూసుకున్నాను. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుని నేను పట్టింది వీళ్లకు అరనిమిషంలో వచ్చేస్తుందా? తడిగుడ్డతో తుడిచేశాను.

అప్పుడే నాగమణి వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకతె, అర్ధవీడు వైపు గొర్రెలు కాసేవాళ్ల పిల్ల. మందల మార్పులు కంప్యూటర్లో ఎక్కించే పని ఆమెదే.

"ఏంది పెదనాయనా, పలక తడిగుంది? ఏమన్నా రాసి తుడిచినావా?"

"పాతదిలేమ్మా."

"కొత్తదేమన్నా ఉంటే చెప్పు. నువ్వు చెప్పకుంటే మాకెట్ల తెలుస్తాది?"

"నాకెవురు చెప్పినారు? నేర్చుకోలా?"

"అట్లనా! అయితే ఈ పూట నీకు టీ బంద్," అని నవ్వి పనిలో కూర్చుంది.

ఆమె ఆ రోజు మార్చిన మందల్లో ఒకటి తర్లుపాడు వైపు వెళ్లింది. దాని గడువు ఎవరికీ కనబడలేదు. టీకా పడలేదు. వానలు మొదలయ్యాక రోగం తగిలి సగం మంద పోయింది. కాపరి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఎవరినీ తిట్టకుండా ఏడ్చాడు.

ఎక్కించింది నాగమణి కాబట్టి తప్పు ఆమెదే అన్నారు ఆఫీసు నడిపేవాళ్లు. నేను అక్కడే ఉన్నాను. ఆమె నా వైపొకసారి చూసింది. తెలిసి చూసిందా? ఊరికే చూసిందా? పలక మీద రాసి తుడిచిన సంగతి నేను చెప్పలేదు. ఆమె ఉద్యోగం పోయింది. వారం తర్వాత ఆ లోపాన్ని అప్పుడే కనిపెట్టినట్టు నేనే సరిచేశాను. పెద్దాయన అనుభవం అని మెచ్చుకున్నారు. తలవంచుకుని ఆ మెప్పు తీసుకున్నాను. అన్నిటికంటే అదే ఎక్కువ మండుతుంది.

నాకు చెప్పనివాళ్లను జీవితమంతా తిట్టాను. ఆ పొద్దున నేను చేసిందేమిటి?

ఆమె ఎక్కడుందో తెలియదు. వెతికే ధైర్యం చేయలేదు. వాక్యం మాత్రం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. దీన్ని తుడవను.

మందను కొత్త ఊరికి మార్చేముందు పాత ఊరి కింద దాని పద్దు మూసేయాలి. లేకపోతే టీకా గడువు కనబడదు.

నాగమణీ, ఆ పొద్దున ఇది నాకు తెలుసు.