రెండో డ్రమ్ము

మా ఫ్యాక్టరీకి విదేశాల నుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసిన పొద్దున క్యాంటీన్‌లో ఉప్మా చల్లారిపోయింది. ఎవరూ తినడం లేదు, అందరూ మాట్లాడుతున్నారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మాదొక చిన్న యూనిట్. మందుల కంపెనీలకు కావలసిన భాస్వరం రసాయనాలు రెండు మూడు రకాలు చేసి పంపుతాం. కాలుష్యం వాళ్లు వస్తారు, బాయిలర్ వాళ్లు వస్తారు, ఫైర్ వాళ్లు వస్తారు. వాళ్లలో ఎవరికి చక్కెర లేని టీ ఇవ్వాలో కూడా మాకు తెలుసు. ఇప్పుడు వచ్చేది మాత్రం ఆయుధాల కోసం చూసేవాళ్లు.

"మనమేమన్న బాంబులు చేస్తున్నమా మేడం?" అని ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె నన్ను అడిగింది.

నాకు తెలిసినంత చెప్పాను. విషవాయువులతో ఆయుధాలు చేయబోమని దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి. ఆ మాట మీద నిలబడ్డారా లేదా చూడటానికి లాటరీ తీసినట్టు ఏదో ఒక ఫ్యాక్టరీని ఎంచుకుని, అయిదు రోజుల ముందు కబురు పెట్టి వస్తారు. పురుగుమందు చేసే సరుకుతోనే మనిషిని చంపే మందూ చేయొచ్చు కాబట్టి మనలాంటివాళ్లనూ చూస్తారు. అణుబాంబుల సంగతి చూసేవాళ్లు వేరే ఉంటారు. అదే సమయంలో గోడ మీది టీవీలో, రెండు పెద్ద దేశాల మధ్య అణ్వస్త్రాల లెక్కకు ఉన్న ఒప్పందం గడువు తీరిపోయిందని ఎవరో చర్చించుకుంటున్నారు.

"గా పెద్దోళ్ల బాంబులు లెక్కవెట్టెటోడు లేడట గని, మన డ్రమ్ములు లెక్కవెట్టనీకి ఇమానమెక్కి వస్తున్నరు," అన్నాడు మా కాక. అందరూ నవ్వారు. నేను మాత్రం డ్రమ్ములన్న మాట దగ్గరే ఆగిపోయాను.

కాక నాకు సొంత బాబాయి కాదు. మా ఊరివాడు. ఫ్యాక్టరీలు రాకముందు మా నాన్నతో కలిసి కూలికి పోయినవాడు. ఈ యూనిట్‌లో మొదటి రియాక్టర్ దింపిన రోజు నుంచి ఆపరేటర్‌గా ఉన్నాడు. చదువు అయిదో తరగతి. అయినా లోపల రియాక్షన్ ఎలా నడుస్తోందో పైపు మీద చెయ్యి పెట్టి చెబుతాడు, మీటర్ తర్వాత అదే చెబుతుంది. అప్పటికి రిటైర్మెంట్‌కు ఏడు నెలలుంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేవాడు.

నేను క్వాలిటీ కంట్రోల్‌లో కెమిస్టును. దాంతోపాటు ఖాళీ డ్రమ్ముల రిజిస్టరు కూడా నా నెత్తిన పడింది, నా చేతిరాత బాగుంటుందని. ఆఫీసుల్లో చేతిరాత బాగున్నవాళ్ల ఖర్మ ఇలాగే కాలుతుంది. ముడిసరుకు నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వస్తుంది. ఖాళీ అయిన డ్రమ్మును కాస్టిక్ నీళ్లతో కడగాలి, మళ్లీ ఎవరూ వాడకుండా ఇనప చువ్వతో అడుగున పొడవాలి, తర్వాత పాత ప్లాస్టిక్ తీసుకుపోయేవాళ్లకు అప్పజెప్పాలి. పొడిచినట్టు నేను సంతకం పెట్టాలి. సంతకం పెడుతూనే ఉన్నాను. పొడుస్తుంటే చూడటానికి యార్డుకు పోయింది మాత్రం మొదటి నెలలోనే.

ఎందుకు చూడలేదో ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మా దగ్గర బోరు నీళ్లు నోట్లో పోసుకునేలా లేవు, నల్లా మూడు రోజులకోసారి వస్తుంది. వచ్చినప్పుడు పట్టి పెట్టుకోవాలి. దానికి నీలం డ్రమ్ముకు మించింది లేదు. పగలదు, తుప్పు పట్టదు, మూత గట్టిగా పడుతుంది. ఏ గల్లీలోకి వెళ్లినా గుమ్మం పక్కన ఒకటి ఉంటుంది. అది ఏ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని ఎవరూ అడగరు, చుట్టం ఇంటి పేరు అడిగినట్టు ఉంటుందని. చూస్తే అడగాల్సి వస్తుందని నేనూ యార్డుకు పోలేదు.

రికార్డులన్నీ సరిచూడమని మేనేజర్ చెబితే ఆ సాయంత్రం కూర్చున్నాను. రిజిస్టరుకూ, తీసుకుపోయినవాళ్ల రసీదులకూ రెండు డ్రమ్ములు తేడా వచ్చింది. నాకు వెతుక్కునే పని లేకపోయింది. ఒకటి కాక ఇంట్లో ఉంది. రెండోది కిష్టారెడ్డిపేటలో మా ఫ్లాటు బాత్రూంలో ఉంది. నాలుగేళ్ల కింద మేము కొత్తగా దిగినప్పుడు ట్యాంకర్ రాక రెండు రోజులు ఇబ్బంది పడ్డామని చెబితే, కాకే నాలుగుసార్లు కడిగి, ఆటోలో వేసుకొచ్చి, మూడో అంతస్తు దాకా మోశాడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. దాంట్లో నీళ్లతో గిన్నెలు కడుగుతాం, బట్టలు ఉతుకుతాం. కెమిస్టుననే గర్వం కొద్దీ ఒకసారి ఆ నీళ్లు పరీక్షించి చూశాను, ఏమీ లేదు. ఒక్క డ్రమ్మును చూసి అన్నిటికీ సర్టిఫికెట్ ఇచ్చేసుకున్నాను.

మేనేజర్‌కు తేడా సంగతి చెప్పాను, ఎక్కడున్నాయో చెప్పలేదు. ఆయన చెడ్డవాడు కాదు, తలనొప్పులు ఇష్టపడని మనిషి. "వాళ్లు చూసేది ఏం తయారుచేస్తున్నామని మేడం, ఖాళీ డ్రమ్ములు కాదు. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి," అన్నాడు. నాకూ కావలసింది అదే.

ముగ్గురు వచ్చారు, వెంట ఢిల్లీ నుంచి ఒక అధికారి. ఇద్దరు మేనేజర్‌తో రికార్డుల గదిలో కూర్చున్నారు. మూడో ఆమె, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ, ప్లాంటు చూస్తానంది. ఢిల్లీ అధికారీ, నేనూ వెంట నడిచాం. రియాక్టర్ దగ్గర ఆమె నన్ను కాదని కాకను అడిగింది, ఇక్కడ ఏం జరుగుతుందో నీ మాటల్లో చెప్పమని. కాక చెప్పాడు, నేను ఇంగ్లీషులోకి మార్చాను. ఎప్పుడు చల్లబరచాలి, ఎప్పుడు ఆపాలి, పొగ వస్తే ఏ వైపు పరుగెత్తాలి. ఆమె మధ్యలో ఆపి ఆపి అడిగింది. ఆయనను అలా ఎవరూ ముప్పై ఏళ్లలో అడగలేదు. చాలా సంతోషపడ్డాడు.

టీ తాగుతూ ఆమె తన సంగతి చెప్పింది. ఈ పనికి ముందు అణు కర్మాగారాల తనిఖీలో ఉండేదట. గదికి సీలు వేసి పోవడం, కొన్ని నెలలకు మళ్లీ వచ్చి ఆ సీలు చెదరలేదని చూడటం. "దేశాలన్నీ ఒక్కటే మాట అంటాయి, ముందు అవతలివాడిని తగ్గించమనండి అని. నేను ఉద్యోగంలో చేరినప్పుడు, రిటైరయ్యేలోపు సగమైనా తగ్గుతాయనుకున్నాను," అంది. కాకకు మార్చి చెప్పాను. "గట్లనే ఉంటది," అని తలూపాడు.

కాకను కూడా వెంటబెట్టుకుని తిరిగి వస్తుంటే యార్డులో ఆమె ఆగింది. గోడ పక్కన పొడిచిన డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. పక్కనే బల్ల మీద నా రిజిస్టరు. నాలుగు పేజీలు తిప్పింది. నాలుగేళ్లుగా ప్రతి గడిలో ఇంగ్లీషులో ఒకటే మాట, పొడిచాం, పొడిచాం, పొడిచాం. ఒక్క కొట్టివేత లేదు.

"ఇవన్నీ పొడుస్తుంటే మీరు చూశారా?" అని నన్ను అడిగింది. గద్దించినట్టు కాదు, మామూలుగానే.

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాను. ఢిల్లీ అధికారి నా వైపు చూశాడు. ఆమె ఏమందో కాకకు ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. పేజీ మీద ఆమె వేలు, నా ముఖం, అంతే చాలు ఆయనకు.

"రెండు డ్రమ్ములు నేనే ఇంటికి తీస్కపోయిన అని చెప్పు బిడ్డా. నీళ్లకు. నీకు తెల్వకుండ తీస్కపోయిన అని చెప్పు," అన్నాడు.

ఢిల్లీ అధికారికి తెలుగు రాదు. ఆమెకు రాదు. మేనేజర్ లోపల ఉన్నాడు. ఆ మాటను నేను ఏం చేసినా అడిగేవాళ్లు లేరు. నేను దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చాను. రెండు డ్రమ్ములు, ఇతనే, నాకు తెలియకుండా. అంత శుద్ధమైన అనువాదం నా జన్మలో చేయలేదు.

ఆమె రిజిస్టరు మూసింది. "ఇది మా రిపోర్టులోకి వచ్చే విషయం కాదు," అంది. మళ్లీ నా వైపు తిరిగి, "ఆ డ్రమ్ముల్లో నీళ్లు ఎవరైనా తాగుతున్నారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న మా ఫ్యాక్టరీలో అంతకుముందు ఎవరూ అడగలేదు. కాకను అడిగితే తల దించుకుని, "తాగుతం," అన్నాడు.

తనిఖీ సజావుగా జరిగింది, ఆక్షేపణ ఏదీ లేదని రాసిచ్చి వాళ్లు వెళ్లిపోయారు. ఢిల్లీ అధికారి పోతూ పోతూ డ్రమ్ముల సంగతి మేనేజర్ చెవిన వేశాడు. జరిగింది రాసివ్వమంటే, రాసిచ్చాను. అందులోనూ రెండూ కాకవే. మర్నాడు కాకకు మెమో వచ్చింది, విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని. తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి తీసేసినా తీసేస్తారని ఆఫీసులో అనుకున్నారు. మా పిల్లకు స్నానం చేయిస్తున్నప్పుడు బాత్రూంలో ఆ డ్రమ్మును చూడలేక లైటు తీసేసిన రోజు కూడా ఉంది. అయినా నోరు విప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను.

అయిదో రోజున మేనేజర్ నన్నే పంపాడు. రెండు డ్రమ్ములూ తెప్పించి, ఈసారి కళ్లారా చూసి పొడిపించి, విచారణకు కాగితం తెమ్మని. ట్రాలీ ఆటోలో ఇనప చువ్వ వేసుకుని పొద్దున పదింటికి కాక గల్లీలో దిగాను.

చువ్వ చూడగానే గల్లీ అంతా బయటికి వచ్చింది. ప్రతి గుమ్మం పక్కనా నీలం డ్రమ్ము ఉంది. ఎవరి డ్రమ్ము ఏ కంపెనీదో నాకు తెలియదు, కానీ మనసు ఆగక, వాటిలో నీళ్లు తాగొద్దని, పొడిపించుకోవడం మంచిదని చెప్పాను.

"మా ఇంటిదే ఎందుకు? ముందుగాల ఎదురింటోళ్లది పొడువుర్రి," అంది ఒకామె.

"నాదెందుకు పొడుస్తరు? ఆమెకు రెండున్నయి. ఆమె ఒకటి ఇస్తే నేనిస్త," అంది ఎదురింటామె.

"ఇస్త సరే అక్కా, నల్లా వచ్చిననాడు ఏంట్ల వట్టుకోవాలె?" అని ఇంకొకామె అడిగింది. ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ ఎవరి డ్రమ్ముకు వాళ్లు ఆనుకుని నిలబడ్డారు.

కాక తన గుమ్మం ముందు రెండు డ్రమ్ములు కడిగి, తుడిచి, పక్కపక్కన నిలబెట్టి ఉంచాడు. కాక భార్య, మా చిన్నమ్మ, తలుపు చాటు నుంచి నన్ను చూసి ముఖం తిప్పుకుంది. నేను వంగి చూశాను. మొదటిదాని మీద మా బ్యాచ్ నంబరు సగం చెరిగి కనిపించింది. రెండోదాని మూత వేరు, అచ్చు వేరు. మాది కాదు.

"ఇది మన కంపెనీది కాదు కాకా," అన్నాను నెమ్మదిగా.

"మా బామ్మర్ది ఇంటికెళ్లి అడుక్కొచ్చిన," అన్నాడు ఆయన ఇంకా నెమ్మదిగా. "నీలందే గద. రెండు జూపియ్యాలె అన్నరు. లెక్కకు సరిపోతది. పొడువు బిడ్డా, జల్దీ అయిపోతది."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కాదు, నా మీద ఒళ్లు మండి. గల్లీ మొత్తం వింటుండగానే, "రెండోది మా ఇంట్ల ఉన్నది," అన్నాను. ఇంట్లో మాట్లాడే మాటే వచ్చింది నోట్లోంచి. "నాలుగేండ్ల సంది ఉన్నది. తెస్త."

అదే ఆటోలో కిష్టారెడ్డిపేట పోయాను. డ్రమ్ములో నీళ్లన్నీ బాత్రూంలో వంపేసి, మూడంతస్తులు దొర్లిస్తూ దింపాను. వాచ్‌మన్ ఏమైందని అడిగితే చెప్పకుండా వచ్చేశాను. గల్లీలోకి తెచ్చి, అందరి ముందు బోర్లించి, చువ్వ నేనే పట్టుకుని పొడిచాను. ఒక్క పోటుకు దిగలేదు. మూడో పోటుకు దిగింది. తర్వాత కాకది పొడిచాను. బామ్మర్ది డ్రమ్ము పక్కన పెట్టాను. ఎదురింటామె తన డ్రమ్ము దొర్లించుకుని వచ్చి నా ముందు పెట్టింది. మిగిలినవాళ్లు రాలేదు.

అరుగు మీద కూర్చుని మేనేజర్‌కు కాగితం రాశాను, రెండోది నాదని, తెలియకుండా కాదు తెలిసే అని, చూడకుండా పెట్టిన సంతకాలన్నీ నావేనని. ఈసారి తెలుగులో రాసి, కాకకు చదివి వినిపించాను. ఆయన పూర్తిగా విన్నాడు. చిన్నమ్మ తెచ్చిన బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి నాకిచ్చాడు.

"ఆ దినం నా మాట ఆమెకు ఇంగ్లీషుల చెప్తుంటె నీ మొకమే సూసిన బిడ్డా," అన్నాడు. "నేను చెప్పింది నేను చెప్పిన, ఒకటి నీదని నువ్వు మారుస్తవేమో అనుకున్న. మార్చినవనే అనుకుని ఇంటికి పోయిన. మెమోల రెండూ నాయేనని సదివిచ్చుకున్నంకనే తెలిసింది నాకు."