గీత కింద ఖాళీ

వార్తాపత్రిక చేతిలోకి తీసుకుంటే నేను కూర్చోలేను. అటూ ఇటూ తిరుగుతూ చదువుతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కారణం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఈ దీవుల్లో గిర్మిట్, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం, ఇంకా ఎత్తేయని రోజులు. మా అమ్మ నౌసోరి దగ్గర చెరకు తోటలో కూలి. కూలీలుండే వరస గదుల లైన్లో మా పక్క గది పిన్నిది. రక్తసంబంధం లేదు, ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు. ఒకే ఓడవాళ్లు తోడబుట్టినవాళ్ల కింద లెక్క. అమ్మకు జ్వరం వచ్చిన రోజు పిన్ని తన సాలు సగంలో వదిలేసి అమ్మ సాలులో కలుపు తీసింది. పని పూర్తి చేయలేదని అమ్మ మీద అప్పటికే ఒక కేసు ఉంది మరి. దొర చూశాడు. పిన్నికి రెండు వారాల జైలు పడింది. నేను అమ్మకు గంజి తెచ్చి గట్టు మీద నిలబడి అంతా చూశాను.

నది అవతల మిషన్ బడిలో నాకు చదువు. మద్రాసు వైపు నుంచి వచ్చిన మాస్టారు సువా నుంచి పాత పత్రికలు తెప్పించి, తలా ఒక వార్త ఎంచుకుని ఇంగ్లీషులో రిపోర్టు రాయమన్నారు. "పత్రికలో ఉన్నది పైన రాయండి. కింద గీత గీసి, మీకు స్వయంగా తెలిసింది ఉంటే, ఎలా తెలిసిందో చెప్పి రాయండి."

కోర్టు వార్తల్లో పిన్ని కేసు దొరికింది. పని ఎగ్గొట్టి పక్క సాళ్లలో తిరుగుతూ దొరికిందట. తెలిసిన సంగతే కదా, ఇంగ్లీషు సులువుగా వచ్చింది. గీత కింద మాత్రం ఏమీ రాయలేదు. అమ్మకు ముప్పు వస్తుందని భయపడ్డానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి అది సిగ్గు. బడిలో దుకాణాలవాళ్ల పిల్లల మధ్య నేను లైన్లవాణ్ణని నా చేత్తో రాయలేకపోయాను.

మాస్టారు దాని మీద ఎర్రసిరాతో 'బాగుంది' అని రాసి గోడకు అంటించారు.

పిన్ని జైలు నుంచి వచ్చీ రాగానే అడిగింది. "ఏరా, నా ఊసు పేపర్లో పడిందంట. ఏటి రాసినాడు?"

"అమ్మ పని కూడా నువ్వే చేశావని రాశాడు పిన్నీ. నేనూ అదే రాశాను."

"దొరల పేపరు నిజం రాసిందేటి! ఇన్నావా అక్కా? మా ఇంటాయన బతికుండగా ఒక్కపాలైనా నన్నింత మెచ్చుకోనేదు." మంచం మీద అమ్మ దగ్గుతూ నవ్వింది. "ఆదివారం నడు, సూసొద్దాం."

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. రెండు రోజులు అందరికన్నా ముందు బడికి పోయాను, చింపేద్దామని. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆ ఎర్రసిరా కనిపించేది. చింపలేదు.

ఆదివారం పిన్ని ఉతికిన చీర కట్టుకుని నాతో నది దాటి బడికి వచ్చింది. మాస్టారికి ఆవిడెవరో తెలియదు. అడగ్గానే గోడ మీదిది తెలుగులో చదివి చెప్పారు. ఎగ్గొట్టడం, తిరగడం, శిక్ష, అన్నీ. పిన్ని కదలకుండా విన్నది. తర్వాత కాగితం మీద వేలు పెట్టింది.

"ఈ గీత కింద ఏటీ నేదేటి బాబూ?"

"వాడికి స్వయంగా తెలిసింది రాయడానికమ్మా. ఏమీ తెలియదు కాబట్టి వదిలేశాడు."

పిన్ని నా వైపు చూడలేదు. పడవలో సగం దూరం వచ్చాక, నీళ్ల వైపు తిరిగే అంది, "మీ యమ్మకి సెప్పకు."

అమ్మ గుమ్మంలోనే ఎదురు చూస్తోంది. "ఏం రాసుందే?"

"నీ కొడుకు సెప్పినట్టేనే అక్కా."

అమ్మ చనిపోయేదాకా అదే నమ్మింది. పిన్ని ఆ ఆదివారం తర్వాత కూడా నాకు అన్నం పెట్టింది, వేళాకోళం చేసింది. కానీ ఊరి నుంచి ఉత్తరం వస్తే మాత్రం, పక్క గదిలో నేను ఉండగానే, చదివించుకోడానికి నది దాటి మాస్టారి దగ్గరికి పోయేది. ఆవిడ తిరిగొచ్చేదాకా నేను లైను ముందు అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాణ్ణి.