రంగు దిగిన పెళ్లిదండలు

అరవైల మొదట్లో, మాఘమాసంలో మా చెల్లె పెళ్లి జరిగింది. అప్పట్లో భువనగిరిలో మంచి పెళ్లిదండలు కావాలంటే పట్నం నుంచి రైల్లో తెప్పించుకోవాల్సిందే. ఆ జోడు దండల ఖర్చు తలచుకుని బాపు నిట్టూర్చాడు.

"ఫికర్ చెయ్యకు బాపూ, దండలు నేను చేస్త" అన్నాను.

ఆ ధైర్యం నాకు గ్రంథాలయం ఇచ్చింది. నా బడి చదువు నాలుగో తరగతితోనే ఆగింది. మిగతాదంతా సాయంత్రం మగ్గం దిగి, కాళ్లు కడుక్కుని, ఆ చెక్క బెంచీల మీద కూర్చుని చదువుకున్నదే. కథల పుస్తకాలు అయిపోయాక పూలతోటల మీద ఒక పుస్తకం దొరికితే మూడుసార్లు చదివాను. మొక్క కొస తుంచితే కొమ్మలు చీలి ఎక్కువ మొగ్గలు వేస్తుందనీ, కోసిన పూలను తడిగుడ్డలో చుట్టి చల్లటి చోట పెడితే మరునాటికి కూడా వాడవనీ అందులో ఉంది. వానలు వెనకపట్టగానే పెరట్లో బంతినారు, తెల్లచామంతి పిలకలు నాటాను. ఇంటిల్లిపాదీ స్నానాలు చేసిన నీళ్లన్నీ వాటికే మళ్లించాను.

నేను కొసలు తుంచుతుంటే మా అవ్వ ఊరుకునేది కాదు. "పుస్తకం సదివి మొక్కల తలకాయలు గిల్లుతున్నవారా? పెండ్లినాటికి పూలుండయి, పుల్లలుంటయి!"

చెల్లె మాత్రం రోజూ వచ్చి మొగ్గలు చూసుకునేది. ఆమె అత్తవారు కూడా మగ్గాలవాళ్లే గానీ, తిరుమలగిరిలో కాస్త కలిగిన ఇల్లు. "అన్నా, దండ జర తక్కువ కనబడ్డా ఆడ నన్ను బతుకంతా దెప్పుతరు" అనేది. ఆ మాట నా గుండెలో ములుకులా ఉండేది.

పెళ్లి ముందురోజుకు పెరడంతా పసుపూ తెలుపూ పరుచుకుంది. అవ్వా నేనూ కూర్చుని దండలు కట్టాం. నేను తెల్లదారం తీస్తే అవ్వ లాగేసింది. "పెండ్లిదండకు బోడిదారమేందిరా? ఎర్రనూలు మిగిలింది గద!" నూలుకు అక్కడక్కడ ముడులు కట్టి, రంగులో ముంచి నేసే చీరలను మేం చిట్కి చీరలంటాం. అలాంటి చీరకు అద్దగా మిగిలిన నూలది. శుభమే కదా అని దానితోనే కట్టాను. ఇక చల్లటి చోటంటే నాకు మగ్గం గుంటే తోచింది. నేతగాడు కాళ్లు దించి కూర్చునే ఆ గుంటలో ఎండాకాలంలోనూ తేమ ఉంటుంది. దండలకు తడిగుడ్డ చుట్టి అందులో దించాను.

తెల్లవారి విప్పి చూస్తే ఒక్క పువ్వూ వాడలేదు. కానీ ఎర్రనూలు తడికి రంగు వదిలింది. తెల్లచామంతులు మొదలు దగ్గర ఎర్రగా, అంచులకు వచ్చేసరికి పలచటి గులాబీగా మారిపోయాయి. కొత్తగా అద్దిన నూలు నీళ్లు తగిలితే రంగు దిగుతుందని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. పుస్తకంలో ఉన్నదంతా గుర్తుపెట్టుకుని, చేతిలోని నూలును మరిచాను.

బాపు తల పట్టుకున్నాడు. పట్నం పోయి వచ్చేలోగా లగ్గం దాటిపోతుంది. చెల్లె దండను అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ల నిండా నీళ్లే. "ఉన్నయి గివే గద. గివే ఏస్త" అని లోపలికి పోయింది.

పందిట్లో పెళ్లికొడుకు అక్క దండను చూడనే చూసింది. "ఓ అవ్వో! గీళ్లు పూలకు గూడ చిట్కి కట్టిండ్రు గదనే!" అని గట్టిగా అన్నది. మెచ్చుకోలో, ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లంతా ముందుకు జరిగి, రెక్కలు పట్టుకుని, ఈ రంగు ఎట్లా ఎక్కించారని ఒకరినొకరు అడిగారు. చెల్లె తల ఎత్తలేదు.

దండలు మార్చుకున్నారు. ఆ తడికి పెళ్లికొడుకు కొత్త తెల్లచొక్కా మీద, సరిగ్గా రొమ్ము దగ్గర, ఎర్రటి మరక దిగింది. అతను దాన్ని వేలితో రుద్ది, వేలు చూసుకుని, నా వైపు వంగాడు.

"బావా, రంగు పక్కాగ లేదు. జర ఉప్పేసి మరిగించాల్సుండె."

మా చెల్లె ఫక్కున నవ్వింది. పెళ్లికూతురు అలా నవ్వకూడదని అవ్వ పక్కనుంచి గిల్లుతున్నా ఆపుకోలేకపోయింది.