సాక్సుల పరేడ్

జగ్గయ్యపేటలో చలి వస్తుందో రాదో చెప్పలేం గానీ, దసరా దాటగానే మంకీ క్యాపులు మాత్రం వచ్చేస్తాయి. రాత్రంతా ఫ్యాను వేసుకుని పడుకున్న పెద్దమనుషులే పొద్దున్నే టీ బంకు దగ్గర చేతులు రుద్దుకుంటూ "చంపేస్తోందండీ చలి" అంటారు. మధ్యాహ్నానికి ఆ టోపీతోనే చెమట తుడుచుకుంటారు. ఇందులో నాకు పోయేదేమీ లేదు. కాకపోతే ఎవరో ఒకరు నన్ను చూపించి, "ఈయన మిలిటరీలో చేసొచ్చాడు, చలంటే ఏంటో ఈయన్నడగండి" అంటారు. అందరూ నా వైపు తిరుగుతారు. "అక్కడా ఇంతేనండీ, కాస్త తెల్లగా ఉంటుంది" అని టీ ముగించి వచ్చేస్తాను.

నిజంగా చెప్పాలంటే ఒక జత కాళ్ళ గురించి చెప్పాలి. టీ చల్లారేలోపు తేలే సంగతి కాదది.

నందిగామలో బీకాం చదివి పదాతిదళంలో సిపాయిగా చేరాను. లెక్కలు తెలిసినవాణ్ణి కనుక ఏదో ఆఫీసులో కూర్చోబెడతారని మా నాన్న ఆశ. సైన్యం నన్ను సరిహద్దులో ఒక మంచుకొండ మీద కూర్చోబెట్టింది. అక్కడ మా సెక్షన్ కమాండరు మా పక్క ఊరు వత్సవాయి మనిషి. నాకన్నా పెద్దవాడు. పదిమంది ప్రాణాలు ఆయన చేతిలో ఉండేవి. మొదటిరోజు తెలుగు వినపడ్డ సంతోషంలో మా ఊరూ, మా నాన్న సంగతీ చెప్పేశాను. ఆయన అమ్మా నాన్నా ఏళ్ళ తరబడి కూలికి వెళ్ళింది మా పొలానికేనట.

"మీరు ఆ ఇంటి అబ్బాయా అండీ?" అన్నాడు మెల్లగా. మరుక్షణం గొంతు మార్చి, "ఒరేయ్ డిగ్రీ, తుపాకీని గొడుగులా పట్టుకోమాక!" అన్నాడు.

ఆ రెండు గొంతులూ ఆయనలో అలాగే ఉండిపోయాయి. డ్యూటీలో నేను "ఒరేయ్ డిగ్రీ". బెల్టు విప్పాక "మీరు". నేను రెండు వేళలా "అన్నా" అనేవాణ్ణి.

అక్కడ యుద్ధం ఎప్పుడో ఒకసారి, పని రోజూ. మంచు తవ్వి కిరోసిన్ పొయ్యి మీద కరిగిస్తే ఆ నీళ్ళతోనే టీ, పప్పు, పళ్ళు తోముకోవడం. మూడింటికీ ఒకటే రుచి. సెంట్రీ కాయాలి, బంకరు మీద జారిన ఇసుక బస్తాలు సర్దాలి, తాడు పట్టుకుని కింది పోస్టు దాకా దారి తొక్కి రావాలి. చీకటి పడకముందే సాక్సుల పరేడ్. ఆ పేరు మేం పెట్టుకున్నది. సిపాయిలు జంటలుగా ఉంటారు, జంటలో రెండోవాడు నీ బడ్డీ. సాయంత్రం బూట్లు విప్పి ఒకడి పాదాలు ఇంకొకడు చూడాలి, రుద్దాలి. మంచు పట్టిన వేలు ముందు తిమ్మిరెక్కుతుంది, తర్వాత తెల్లబడుతుంది, నల్లబడిందంటే డాక్టరు తీసేస్తాడు. తిమ్మిరెక్కినవాడికి నొప్పి తెలియదు కాబట్టి చూసే బాధ్యత పక్కవాడిది.

నా బడ్డీ అన్నే. రోజూ నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దేవాడు. తన వంతు వచ్చేసరికి "నావి చూసుకున్నాలెండి" అని వెనక్కి లాక్కునేవాడు. కమాండరు బూటు బలవంతంగా లాగడం ఏ శిక్షణలోనూ నేర్పరు.

ఒకరోజు తెల్లవారుతూనే అవతలి కొండ మీంచి షెల్లింగ్ మొదలైంది. బంకరు ముందరి గుంతలో కాపలా ఉన్న జవానుకి తొడలో షెల్లు ముక్క తగిలింది. అన్న మంచులో పాక్కుంటూ వెళ్ళి, అతన్ని తాడుతో తన నడుముకి కట్టుకుని వెనక్కి ఈడ్చుకు రాసాగాడు. మేము పై నుంచి కాలుస్తున్నాం. ఆర్డర్లు హిందీలో ఇచ్చేవాడు, షెల్లు దగ్గర్లో పడితే మాత్రం తెలుగులో తిట్టేవాడు. తిట్టు వినిపిస్తే బతికున్నట్టు లెక్క. ఒకసారి పెద్ద పేలుడు తర్వాత ఎంతసేపటికీ తిట్టు రాలేదు. పొగ విడిపోతుండగా వినిపించింది: "ఒరేయ్ డిగ్రీ, ఎటు కాలుస్తన్నావురా, నా మీదకా?" నా జీవితంలో అంత మంచి మాట ఇంకెవరూ నన్ను అనలేదు.

మధ్యాహ్నానికి కాల్పులు ఆగాయి. గాయపడ్డవాణ్ణి హెలికాప్టర్ తీసుకెళ్ళింది. బంకరులో గోడకానుకుని కూర్చున్న అన్న లేవబోయి తూలాడు. బూట్లు తడిసి గడ్డకట్టాయి. వేళ్ళు పోతే ఆయన కొండ దిగిపోవాలి, మళ్ళీ సెక్షన్ చేతికి రాదు, ఏ గోడౌన్లోనో బస్తాల దగ్గర కూర్చోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా నేను చెయ్యి చాపగానే కాళ్ళు ముడుచుకున్నాడు.

"మీరు నా కాళ్ళు పట్టుకోడమేంటండీ. మీ పెద్దాళ్ళు చూస్తే ఏమంటారు?"

"మా నాన్న వేదాద్రి గుడి మెట్లకే ఆయాసపడతాడన్నా. ఇక్కడిదాకా వచ్చి చూడడులే."

నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపు బూట్లూ సాక్సులూ లాగేశాను. వేళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయి. గిల్లితే తెలియలేదు. కోటూ స్వెటరూ పైకెత్తి రెండు పాదాలూ నా పొట్టకి ఆనించుకున్నాను. నా ఊపిరి ఒక్కసారి ఆగి, ఆలోచించుకుని మళ్ళీ మొదలైంది. అన్న కళ్ళు మూసుకుని "ప్రభువా, క్షమించయ్యా" అన్నాడు. ఎవర్ని క్షమించమన్నాడో నేనడగలేదు. చాలాసేపటికి "అమ్మో!" అని గట్టిగా అరిచాడు. నొప్పి తిరిగొచ్చింది. ఆ అరుపుకి బంకరులో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒక గోరు ఊడింది. వేళ్ళన్నీ మిగిలాయి. అన్న కొండ దిగలేదు.

ఆ వేసవిలో సెలవుకొచ్చినప్పుడు, అన్న పంపిన ఉన్ని దుప్పటి ఇవ్వడానికి వత్సవాయి వెళ్ళాను. వాళ్ళమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. నాకు కుర్చీ వేసి తను కిందే కూర్చుంది. ఈడ్చుకు రావడం, తిట్లు, పాదాలు పొట్ట మీద పెట్టుకోవడం, అంతా చెప్పాను. "మీ అబ్బాయి లాంటి ధైర్యవంతుణ్ణి నేను చూళ్ళేదమ్మా" అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. ఇంకో గుప్పెడు కాయలు ముందుకి లాక్కుంది.

"అంతా బానే చెప్పావు గానీ బాబూ, పొట్ట మీద పెట్టుకున్న సంగతి మీ నాయనకి మాత్రం చెప్పుండవులే."